ప్లాస్టిక్ గింజతో కార్పును పట్టడం తప్పా?

ప్రశ్న: మాది వరంగల్ దగ్గర పల్లెటూరు. ఉద్యోగరీత్యా చాలా ఏళ్ళుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. ఇక్కడ ఒక క్లబ్బు చెరువులో సభ్యత్వం తీసుకుని వారాంతాల్లో కార్పు చేపలు పడుతుంటాను. పట్టినవన్నీ మళ్ళీ నీళ్ళలో వదిలేస్తాం, ఇక్కడి పద్ధతి అదే. ఎరగా ఎక్కువసార్లు ప్లాస్టిక్ మొక్కజొన్న గింజ వాడతాను. ఈ వేసవిలో అమ్మానాన్న వచ్చినప్పుడు నాన్నను చెరువుకు తీసుకెళ్ళాను. ఆయన చిన్నప్పటి నుంచీ ఊరి చెరువులో గాలం వేసిన మనిషి. నా డబ్బాలోంచి ఆ గింజ తీసి వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఎర్రనో పిండినో పెడితే దానికి తిండన్న దొరుకుతది. నువ్వు తినేతందుకు పట్టవు, దానికి తినేతందుకు పెట్టవు. నోరులేని జీవితోని ఇదేం ఆట బిడ్డా?" అన్నారు. ఆయన తిరిగి వెళ్ళిపోయారు కానీ ఆ మాట నన్ను వదలడం లేదు. ప్లాస్టిక్ మానేసి నిజం గింజలు వాడితే సరిపోతుందా? లేక ఈ వేటే మానేయాలా?

సమాధానం: మీ నాన్నగారు ఒకే మాటలో రెండు సంగతులు అడిగారు. దొంగ ఎర పెట్టడం సరైనదేనా అన్నది ఒకటి. తినని చేపను పట్టడమెందుకు అన్నది రెండోది. మీరు రెండిటినీ కలిపేసుకుని బాధపడుతున్నారు. విడదీసి చూద్దాం. ఎందుకంటే మొదటిదాని విషయంలో నేను ఆయనతో ఏకీభవించను. రెండోది మాత్రం మీరు నిజంగా కూర్చుని ఆలోచించాల్సిన ప్రశ్న.

గాలానికి ఎర్ర (వానపాము) గుచ్చినా అది చేప ఆకలి తీర్చడానికి గుచ్చింది కాదు. ఏ ఎరైనా చేపను ఏమార్చడానికే. పైగా మీలాంటి వాళ్ళు ప్లాస్టిక్ గింజను ఒక్కదాన్నే నీళ్ళలో వేయరు. చుట్టూ గుప్పెళ్ళకొద్దీ ఉడికించిన మొక్కజొన్న చల్లి, వాటి మధ్యలో ఈ ఒక్క గింజను ఉంచుతారు. చేప మిగతావన్నీ తింటుంది. తిండి సంగతే లెక్క అయితే, ఊళ్ళో గాలానికి పడిన చేపకంటే మీ చెరువులోని చేపకే ఎక్కువ దొరుకుతోంది.

అసలు కిటుకు గింజలో లేదు, దాన్ని కట్టే తీరులో ఉంది. కార్పుకు దవడల మీద పళ్ళుండవు, గొంతులో ఉంటాయి. కడుపు సంచీ కూడా ఉండదు, మింగింది నేరుగా పేగులోకి పోతుంది. అందుకే అది ఏది పడితే అది మింగదు. అడుగు బురదను నోట్లోకి పీల్చుకుని, లోపలే రుచి చూసి, పనికొచ్చేది ఉంచుకుని మిగతాది ఉమ్మేస్తుంది. పిండిలోనో గింజలోనో గాలం దాచి పెడితే అనుమానం వచ్చిన చేప దాన్నీ అలాగే ఉమ్మేసేది. 1980 ప్రాంతంలో లెన్నీ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ అనే ఇద్దరు ఇంగ్లీషు వేటగాళ్ళు దీనికి విరుగుడు కనిపెట్టారు. అదే మీరు కడుతున్న హెయిర్ రిగ్. గాలాన్ని ఖాళీగా వదిలేసి, దాని వెనక సన్నటి పోగుకు ఎర కడతారు. చేప ఎరను పీల్చుకుంటే గాలం కూడా లోపలికి వస్తుంది. ఉమ్మబోయినప్పుడు కొన తిరిగి కింది పెదవిలో దిగుతుంది. తన జాగ్రత్తే దాన్ని పట్టిస్తుంది. ఆ పోగు చివర ఉన్నది నిజం గింజైనా ప్లాస్టిక్ గింజైనా జరిగేది ఇదే. ఇది తెలిశాక, అందులో ప్లాస్టిక్‌ను మాత్రమే తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు.

నిజం ఎర అనగానే అది చేపకు మంచిదని కూడా అనుకోకండి. ఎండు మొక్కజొన్న, శనగలు, టైగర్ నట్స్ అనే చిన్న దుంపలు సరిగా నానబెట్టి ఉడికించకుండా వేస్తే చేప పేగులో ఉబ్బుతాయి. బూజు పట్టిన పల్లీలు ఇంకా ప్రమాదం. పీటర్‌బరో దగ్గర బ్లూబెల్ లేక్స్‌లో బెన్సన్ అని పేరు పెట్టిన పెద్ద కార్పు ఉండేది. బరువు సుమారు 29 కిలోలు. తన జీవితంలో 60 సార్లకు పైగానే గాలానికి చిక్కి మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళింది. 2009లో అది చచ్చి తేలినప్పుడు మొదట అందరూ అనుమానించింది ఉడికించని టైగర్ నట్స్‌నే. ఆ అనుమానం రుజువు కాలేదు. కానీ ఆ వేట తెలిసినవాళ్ళందరికీ వెంటనే అదే ఎందుకు తోచిందో ఆలోచించండి. నిజం తిండి వేసి చేపకు హాని చేయవచ్చని వాళ్ళకు తెలుసు.

మరి ప్లాస్టిక్‌తో ఇబ్బందే లేదా? ఉంది, చాలా ఉంది. కానీ అది మీ నాన్నగారు చూసిన చోట కాదు. గాలానికి కట్టిన దారం, అంటే లైన్, తెగిన తర్వాత మొదలవుతుంది.

మీ లైన్ ఏ మునిగిన కొమ్మకో తగిలి తెగిందనుకోండి. గాలం, దాని వెనక గింజ, సీసం గుండు, కొంత లైన్ చెరువు అడుగున ఉండిపోతాయి. గింజ నిజందైతే నీళ్ళలో మెత్తబడుతుంది, చిన్న చేపలు పొడుస్తాయి, కొద్ది రోజుల్లో కుళ్ళి రాలిపోతుంది. గాలం మిగిలినా దాని దగ్గరికి చేప వచ్చే కారణం మిగలదు. ప్లాస్టిక్ గింజ అలా కాదు. పచ్చగా, గట్టిగా, గాలం మీద కొంచెం తేలుతూ నెలల తరబడి అలాగే ఉంటుంది. మీరు ఇంట్లో నిద్రపోతున్నా అది అక్కడ వేటాడుతూనే ఉంటుంది. దాన్ని పీల్చిన కార్పు నోట్లో గాలం దిగుతుంది. గుండు ఏ వేరుకో చిక్కుకుని ఉంటే ఆ చేప అక్కడే కట్టేసినట్టు ఉండిపోయి, తిండి లేక చస్తుంది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. ప్లాస్టిక్ ఎర మీద నాకున్న అసలు అభ్యంతరం ఇదే. కొన్ని చెరువుల యజమానులు కృత్రిమ ఎరలను పూర్తిగా నిషేధించారు. మీ క్లబ్బు నిబంధనల్లో ఏముందో మరోసారి చదవండి.

అందుకని గాలం విసిరే ముందు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ లైన్ ఇప్పుడు తెగితే చేప గతేమిటి? జవాబు ఊహించుకోకండి, ఇంట్లోనే పరీక్ష చేయండి. మామూలుగా ఎలా కడతారో అలాగే కట్టి, గుండుకు పైన మూరెడు లైన్ ఉంచి కత్తిరించండి. గుండును తలుపు సందులో ఇరికించి, గాలం వంపును ప్లయర్‌తో పట్టుకుని మెల్లగా లాగండి. కాస్త బిగువు రాగానే గుండు, దాన్ని లైన్‌కు పట్టి ఉంచే క్లిప్పు నుంచి ఊడిపోవాలి. క్లిప్పు మీద రబ్బరు తొడుగును బలంగా లోపలికి నెట్టి ఉంటే ఊడదు. చాలామంది విసిరేటప్పుడు గుండు పోతుందేమోనని దాన్ని అలాగే బిగిస్తారు. తర్వాత తెగిన లైన్‌ను రెండు వేళ్ళ మధ్య నుంచి లాగి చూడండి. ఎక్కడైనా పెద్ద ముడి, పూస, ట్యూబు చివర అడ్డుపడుతున్నాయంటే నీళ్ళలో కలుపు మొక్కలకూ అక్కడే అడ్డుపడతాయి. ఈ పరీక్ష తప్పిన రిగ్గుకు నిజం గింజ కట్టినా విసరకూడదు.

ఇంకో సంగతి. ఈ మధ్య కొందరు చేప పడిన ప్రతిసారీ గుండు ఊడిపోయేలా కడుతున్నారు. చేపను ఒడ్డుకు తేవడం సులువవుతుందని వాళ్ళ వాదన. అంటే పడిన ప్రతి చేపకూ ఒక గుండు చెరువు అడుగున వదిలేస్తున్నట్టే. ఇది నాకు నచ్చదు. చిక్కుకున్నప్పుడు మాత్రమే ఊడేలా పెట్టుకోండి. వీలైతే సీసం బదులు రాతి గుండ్లు కొనండి, దొరుకుతున్నాయి. బ్రిటన్‌లో హంసలు గులకరాళ్ళనుకుని సీసం పూసలు మింగి విషమెక్కి చచ్చిపోతుంటే, 1987లో 28 గ్రాముల వరకు ఉన్న సీసం గుండ్లను చట్టం నిషేధించింది. మరీ సన్నటి పూసలను మాత్రం మినహాయించారు. ఆ తర్వాత థేమ్స్ నది మీద హంసలు మళ్ళీ కోలుకున్నాయి. కార్పు వేటలో వాడే గుండ్లు అంతకంటే బరువు కాబట్టి చట్టానికి అందకుండా మిగిలాయి. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన నీళ్ళలో సీసం పోగుపడటం మంచిదైపోదు కదా.

ప్లాస్టిక్ మానేస్తే వేట కుంటుపడుతుందని భయపడకండి. మీరు దాన్ని వాడే కారణాలు నాకు తెలుసు. అది కొంచెం తేలుతుంది కాబట్టి గాలం బరువు తెలియకుండా చేప నోట్లోకి సులువుగా వెళ్తుంది. చిన్న చేపలు కొరికి పీకలేవు. రాత్రంతా ఉంటుంది. మొదటి పని కార్కు ముక్క కూడా చేస్తుంది. ఊళ్ళో గాలానికి కట్టే జీలుగు బెండు ఎలా తేలుతుందో ఇదీ అంతే. గోరంత కార్కును పోగు మీద ఎక్కించి దాని పక్కన నిజం గింజ పెట్టండి. డబ్బాలో దొరికే మెత్తటి గింజలు కాకుండా ఎండు మొక్కజొన్నను ఒక రోజు నానబెట్టి అరగంటకు పైగా ఉడికిస్తే, చిన్న చేపలకు లొంగనంత గట్టిగా, కార్పుకు అరిగేంత మెత్తగా ఉంటుంది. అమెరికా నుంచి తెచ్చిన సిగ్నల్ క్రేఫిష్ మీ చెరువులో విపరీతంగా ఉంటే మాత్రం ఏ గింజా నిలవదు. అలాంటి చోట ప్లాస్టిక్ వాడటాన్ని నేను తప్పుపట్టను, పైన చెప్పిన పరీక్ష నెగ్గితే. ఎన్ని ప్లాస్టిక్ గింజలు తెచ్చారో అన్నీ వెనక్కి తీసుకెళ్ళండి. ఒడ్డున ఒక్కటి పడినా వెతకండి.

ఇక రెండో ప్రశ్న. ఇది బరువైనది.

తినడానికి పట్టవు అన్నారు నాన్నగారు. ఇంగ్లండ్‌లో మీరు తినాలనుకున్నా కుదరదు. ఆ చెరువులో చేపలు క్లబ్బువో యజమానివో. అనుమతి లేకుండా ఒక్క చేపను ఇంటికి తెచ్చినా అక్కడి 1968 దొంగతనాల చట్టం ప్రకారం నేరం. కాబట్టి మీ ముందున్నవి రెండే దారులు. పట్టి వదిలేయడం, లేదా పట్టకపోవడం. సముద్రం దాటి జర్మనీ వెళ్తే లెక్క తిరగబడుతుంది. సరైన కారణం లేకుండా ఏ జంతువుకూ నొప్పి కలిగించకూడదని అక్కడి జంతు సంరక్షణ చట్టం చెబుతుంది. తినడం సరైన కారణం. వదిలేద్దామనే ఉద్దేశంతోనే పట్టడాన్ని అక్కడ తప్పుగా చూస్తారు. స్విట్జర్లాండ్‌లో 2009 నుంచి అమల్లో ఉన్న నిబంధన కూడా ఇదే మాట చెబుతుంది. మీ నాన్నగారి మాట పాతకాలపు పల్లెటూరి మాటేమీ కాదు. రెండు దేశాల చట్టాలు ఆయన పక్షాన ఉన్నాయి.

చేపకు నొప్పి తెలుసా అన్నది మీరు తప్పించుకోలేని ప్రశ్న. 2003లో ఎడిన్‌బరో దగ్గరి రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో లిన్ స్నెడన్ బృందం రెయిన్‌బో ట్రౌట్ చేపల ముఖం మీద గాయాన్ని గుర్తించే నరాల కొనలున్నాయని చూపించింది. పెదవుల్లోకి ఆమ్లం ఎక్కించిన చేపలు ముఖాన్ని అడుగు గులకరాళ్ళకు రుద్దుకున్నాయి. ఆ చేప దాన్ని మనలాగే బాధగా అనుభవిస్తుందా అన్నదానిపై శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. కానీ కార్పు విషయంలో ఇంకో పాత పరిశోధన నాకు గుర్తొస్తుంటుంది. 1970లో హాలండ్‌కు చెందిన బ్యూకెమా ప్రచురించిన ప్రయోగాల్లో, ఒక్కసారి గాలానికి చిక్కిన కార్పు ఆ తర్వాత చాలాకాలం పాటు గాలానికి దూరంగా ఉంది. ఒక్క అనుభవం దానికి చాలింది. ఏ బాధా లేని జీవి ఒక్కసారికే అంత గట్టిగా ఎందుకు నేర్చుకుంటుంది? దీనికి తృప్తినిచ్చే జవాబు నాకు దొరకలేదు. అందుకే చేపకు ఏమీ తెలియదు, వదిలేస్తే మామూలైపోతుంది అని తేలిగ్గా చెప్పేవాళ్ళ మాట నేను నమ్మను.

అయితే మానేయాలా? మానేయండని నేను చెప్పను. పొద్దున్నే నీళ్ళ పక్కన కూర్చుని, చేపలు ఎటు తిరుగుతున్నాయో బుడగలు చూసి పోల్చుకుని, ఊరికి ఇంత దూరంలో ఒక చెరువుతో మీకు ఏర్పడిన అనుబంధం చిన్నదేమీ కాదు. చేపలు పట్టే క్లబ్బులు లేకపోతే ఇంగ్లండ్‌లో చాలా చెరువులను పట్టించుకునే దిక్కుండదు. కానీ మీ ఆనందం కోసం ఒక జీవిని కాసేపు ఇబ్బంది పెడుతున్నారన్నది నిజం. ఆ నిజాన్ని ఒప్పుకున్న మనిషి వేట తీరే మారుతుంది. ఒప్పుకోవడమంటే చేతల్లో ఏమిటో చెబుతాను.

చేప గట్టున గడిపే సమయాన్ని తగ్గించండి. గాలం వేయకముందే చేపను పడుకోబెట్టే మెత్తటి మ్యాట్ పరిచి తడిపి, పక్కన బకెట్ నీళ్ళు, గాలం తీసే ప్లయర్, కెమెరా సిద్ధంగా పెట్టుకోండి. చేప పడ్డాక వాటి కోసం వెతుక్కోవడం కంటే అన్యాయం లేదు. చేతులు తడుపుకుని ముట్టుకోండి. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు ఊడి, అక్కడ రోగం పడుతుంది. ఫోటో కోసం నిలబడి ఎత్తకండి, మోకాళ్ళ మీద కూర్చుని మ్యాట్‌కు జానెడు ఎత్తులో పట్టుకోండి. కార్పు ఒక్కసారి ఒళ్ళు విదిలిస్తే చేతులు ఆగవు. గాలం కొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు ఉండాలా వద్దా అన్నదానిపై చెరువుకో నియమం ఉంటుంది. ముల్లు లేనిది సులువుగా వస్తుంది కానీ నోట్లో కదిలి గాయం పెద్దది చేస్తుందని కొందరంటారు. మీ చెరువు నియమం పాటించండి. ఎండలు ముదిరి నీళ్ళు వేడెక్కి, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్న రోజున గాలం వేయకండి, అప్పుడు నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ. మే, జూన్ నెలల్లో గట్టు కలుపులో గుడ్లు పెడుతున్న చేపల జోలికి అసలు పోకండి, క్లబ్బు అనుమతించినా సరే. మరో మాట, ఒకే పెద్ద చేపను మళ్ళీ మళ్ళీ పట్టాలనే పట్టుదల వదిలేయండి. బెన్సన్ లాంటి చేపలు అన్నిసార్లు గాలానికి చిక్కడం వాటి మీద వేటగాళ్ళకున్న ప్రేమ వల్ల అని చెప్పుకునేవాళ్ళున్నారు. నాకు అందులో ప్రేమ కనిపించదు. ఒక రోజుకు ఒకటో రెండో చేపలు చాలనుకుని గాలం చుట్టేయగలిగితే, మిగతా సమయం ఊరికే కూర్చోవడానికి అదే చెరువు సరిపోతుంది.

ఇవన్నీ చేసినా ఒక రోజు మీకే తృప్తి లేదనిపిస్తే మానేయండి. అందులో ఓడిపోయింది ఏమీ లేదు. మీ నాన్నగారికి మాత్రం ఫోన్ చేసి, ఆయన అన్న మాట గురించి ఆలోచిస్తున్నానని చెప్పండి. జవాబు దొరికేదాకా ఆగనక్కర్లేదు. మీరు అక్కడ పడుతున్న కార్పు, ఆయన ఊరి చెరువులో పట్టిన బంగారు తీగ ఒకే జాతి. దీన్ని 1939లో నీలగిరులకు, తర్వాత 1957లో బ్యాంకాక్ నుంచి ఇందులోనే ఇంకో రకాన్ని మన దేశానికి తెచ్చారు. దాని మీసాలు, పెదవులు, బురద కలియబెట్టే తీరు గురించి ఆయనకు తెలిసింది చాలా ఉంటుంది. అడిగితే చెబుతారు.

సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు అక్కడా గాలం వేయాలనిపిస్తుంది మీకు. ప్లాస్టిక్ గింజలు తీసుకెళ్ళకండి. మన చెరువుల్లో మునిగిన తుమ్మకంపలు, పాత వలల ముక్కలు ఎక్కువ, లైన్ తెగకుండా ఉండదు. స్ప్రింగు చుట్టూ పిండి ముద్ద పట్టి నాలుగైదు గాలాలు వేలాడదీసే పద్ధతి ఇప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల బాగా కనిపిస్తోంది. అది మాత్రం వద్దు. ఒక గాలం నోట్లో దిగితే, చేప గింజుకునేటప్పుడు మిగతావి కంట్లోనో మొప్పల్లోనో పొట్టలోనో దిగుతాయి. అలాంటి చేపను వదిలేసినా బతకదు. ఒక్క గాలం, పిండి లేదా ఎర్ర చాలు. పట్టింది వండుకోండి. అయితే ఊరి చెరువులో చేపపిల్లలు పెరిగేది మత్స్య సహకార సంఘం వాళ్ళ బతుకుదెరువుగా. చెరువు మీద హక్కు వాళ్ళది. గాలం వేసే ముందు సంఘం పెద్దను అడగండి, వద్దంటే వద్దు. వేసవిలో చెరువులోకి దిగే బర్రెల కాళ్ళకు, కొంగల కాళ్ళకు చుట్టుకునేది మనం గట్టున పారేసిన నైలాన్ దారమే కాబట్టి, తెగిన ముక్కలన్నీ జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి, చిన్నచిన్నగా కత్తిరించి చెత్తబుట్టలో వేయండి.